మీటలా, పిస్టన్లా

13 నవంబరు 1977, ఆదివారం. తెనాలి

చర్చి అయ్యాక మా పెరట్లో పాత తగువొకటి తీరింది. లేక తీరలేదు. తీర్పు చెప్పింది నేనే అయినా నాకే సరిగ్గా తెలియటం లేదు.

బాపట్ల నుంచి వీరాస్వామి మావయ్య పొద్దుటి పాసింజరులో బాకాతో సహా దిగాడు. టిక్కెట్ కలెక్టరు దానికి కూడా టిక్కెట్టు ఏదన్నాడట.

"దీనికింకా మూడేళ్ళు నిండలేదండీ, ఒళ్ళో కూచోబెట్టుకొచ్చా అన్నాను. నవ్వడే. ఏంటి బావా, మీ తెనాలి వాళ్ళకి నవ్వితే జీతం కోస్తారా?"

నాన్న, మావయ్య ఇద్దరూ పెళ్ళి బ్యాండుల్లో పెద్ద బాకా ఊదేవాళ్ళు. నాన్న ఇక్కడ పున్నారావు గారి బ్యాండులో, ఆయన బాపట్ల బ్యాండులో. మేము చర్చికి వెళ్తాం, వాళ్ళు భావన్నారాయణస్వామి గుడికి వెళ్తారు. ఈ బావ వరస ఎవరు కలిపారో నేను పుట్టకముందే కలిపేశారు. పుస్తకాల్లో ఆ బాకాని ట్యూబా అంటారు. నాన్నది జర్మనీది, వేళ్ళ కింద నాలుగు మీటలు ఉంటాయి, మీట నొక్కితే లోపల బిరడా తిరిగి గాలిని ఇంకో గొట్టంలోకి మళ్ళిస్తుంది. మావయ్యది ఇంగ్లండుది, మూడు పిస్టన్లు, నొక్కితే నిట్టనిలువుగా దిగుతాయి. ఏది మేలని వాళ్ళ వాదన. నేను లంగా ఓణీల్లో ఉన్నప్పటి నుంచి వింటున్నాను.

పాస్టరు గారిని అడిగి చర్చి హార్మోనియం తెచ్చాను. ఫిజిక్సు డిగ్రీకి ఇన్నాళ్ళకి ఒక పని దొరికింది.

మధ్య స్వరాల్లో రెండూ బాగానే ఉన్నాయి. కిందికి దిగే కొద్దీ తేడా తెలుస్తుంది. మావయ్య మూడు పిస్టన్లూ ఒకేసారి నొక్కితే వచ్చే స్వరం హార్మోనియం కంటే పైకి పోతోంది. అదీ హార్మోనియమూ కలిసి మోగినప్పుడు గాలి వణికినట్టుంటుంది. ఆయన పెదవి వదులు చేసి దాన్ని కిందికి లాక్కొస్తాడు. అది మనిషి తప్పు కాదు. మూడు గొట్టాలూ విడివిడిగా సరైన పొడవే, మూడూ కలిపితే పొడవు చాలదు. నాన్నదానికి నాలుగో మీట ఉంది కాబట్టి ఆ చిక్కు లేదు. అట్టడుగు స్వరం కూడా హార్మోనియం మీద అతికినట్టు కూర్చుంటుంది. కానీ ఆలస్యం. ఊదాక రవ్వంత ఆగి, లోపలి గదిలోంచి లేచి వచ్చినట్టు పలుకుతుంది. మావయ్యది పిస్టన్ దిగేసరికి గుమ్మంలో నిలబడి ఉంటుంది.

"అయితే నాది శ్రుతి తప్పుద్దంటావు, కోడలా."

"తప్పదు మావయ్యా. అడుగుకి దిగితే కొంచెం పైకెక్కుతుంది."

"ఎక్కితే ఎక్కింది. మీ నాన్నది పిలిచాక ఆవులించి, దుప్పటి మడతపెట్టి, అప్పుడొస్తది."

"వచ్చాక సరిగ్గా నిలబడుద్ది," అన్నాడు నాన్న. "నీది తెల్లారకముందే కూసే కోడి."

తరవాత నన్ను గోడకేసి తిరిగి కూర్చోమన్నారు. వాళ్ళలో ఎవరో ఒకరు ఊదటం, ఏ బాకానో నేను చెప్పటం. ఒక్కటి కూడా తప్పలేదు. అమ్మ వంటింట్లోంచి వచ్చి నిలబడి చూసింది. నాన్న బాకా తుడిచే గుడ్డతో మొహం తుడుచుకున్నాడు.

శుక్రవారం అడవులదీవిలో పెళ్ళి. ఆడపెళ్ళివారు తెనాలి బ్యాండుని, మగపెళ్ళివారు బాపట్ల బ్యాండుని కుదిర్చారు. జోడు బ్యాండ్లు. ఇద్దరూ ఎదురెదురుగా నిలబడి ఊదుతారు. అందుకే ఈ పరీక్ష.

15, మంగళవారం

ఎంప్లాయిమెంట్ ఎక్స్ఛేంజికి వెళ్ళొచ్చాను. ఏమీ లేదు. బస్సులో కిటికీ పక్కన చోటు దొరికింది, అంతే.

17, గురువారం

నాన్న రేపల్లె పాసింజరుకి వెళ్ళాడు.

బయల్దేరే ముందు గుమ్మంలో ఆగి, "నిజంగా ఆలస్యంగా పలుకుతుందా?" అన్నాడు. ఆదివారం నుంచీ అదే ఆలోచిస్తున్నాడన్న మాట.

"అవును నాన్నా."

"ఎంత?"

"చెప్పలేనంత కొంచెం."

"జనానికి తెలుస్తదా?"

"జనానికి తెలియదు. నాకు తెలుస్తుంది."

కాసేపు నిలబడ్డాడు. నేను పేపర్లో ఉద్యోగాల ప్రకటనలు చూస్తున్నాను. "పోనీ పిస్టన్లది కొనుక్కోండి," అన్నాను తల ఎత్తకుండా. నవ్వాడనుకుంటాను. చూడలేదు.

19, శనివారం

గాలి. మధ్యాహ్నం నుంచీ. ఎదురింటి పెంకులు మా ఇంట్లో పడుతున్నాయి. దీపం నిలవటం లేదు.

20, ఆదివారం

చర్చి జరగలేదు, చర్చికి పైకప్పు లేదు. వీధిలో నడవటానికి లేదు, కరెంటు స్తంభాలన్నీ పడుకున్నాయి. కొబ్బరి చెట్లు ఒకే వైపుకి, దువ్విన జుట్టులా. రైళ్ళు లేవు. రేడియో పలకదు.

అమ్మ పొద్దుటి నుంచి ఒకటే మాట. "పెళ్ళివారు డాబా ఇంటివాళ్ళు. డాబా ఇల్లు. డాబాకి ఏమవుద్ది."

నేను కూడా అదే అంటున్నాను. అమ్మ ఆపినప్పుడు నేను, నేను ఆపినప్పుడు అమ్మ.

పెద్ద బాకా గొట్టాలన్నీ విప్పి సాగదీస్తే మా పెరటి పొడవు దాటుతుంది. ఈ సంగతి ఇప్పుడెందుకు రాస్తున్నానో.

21, సోమవారం

సముద్రం ఊళ్ళోకి వచ్చిందంటున్నారు. నీళ్ళు రావటం కాదు, సముద్రమే లేచి వచ్చిందట. తాడిచెట్టు ఎత్తు అని ఒకరు, అంత కాదని ఒకరు. చెప్పేవాళ్ళెవరూ చూసినవాళ్ళు కాదు.

పున్నారావు గారు వచ్చారు. మనిషి రెండు రోజుల్లో సగమయ్యాడు. బ్యాండు మొత్తం ఆయన పంపిందే. ఈసారి తను వెళ్ళలేదు, కాలికి పుండు. "ఈ పుండు లేకపోతే నేనూ వాళ్ళతోనే ఉండేవాణ్ణి, చెల్లెమ్మా," అంటాడు అమ్మతో. అమ్మ మంచినీళ్ళిచ్చింది. ఆయన తాగకుండా చేతిలో పట్టుకునే కూర్చున్నాడు.

22, మంగళవారం

రేపల్లె వైపు నుంచి బియ్యం దింపి వస్తున్న లారీ డ్రైవరు పున్నారావు గారి దగ్గరికి వచ్చాడు. బ్యాండు బోర్డు చూసి ఆగాడట. కబురంది నేను పరుగెత్తాను.

అడవులదీవి అవతల ఇసుకలో ఒక పెద్ద బాకా దొరికింది. దాని చుట్టలోంచి దూర్చిన చేయి దూర్చినట్టే ఉన్న మనిషి కూడా దొరికాడు. మొహం ఆనవాలు పట్టేట్టు లేదు. ఒంటిమీద బనీను, ప్యాంటు. అక్కడే ఇసుకలో పూడ్చేశారు. బాకాని రేపల్లె తెచ్చి, దొరికిన సామాన్లు పెట్టే చోట ఉంచారు.

"దానికి మీటలా, పిస్టన్లా?" అని అడిగాను.

"ఏంటమ్మా?"

"వేళ్ళు పెట్టే చోట. మీటలు ఉంటాయి, లేకపోతే పైన బొత్తాల్లాంటివి ఉంటాయి. నాలుగా, మూడా?"

"ఇత్తడిదమ్మా," అన్నాడు. "ఇంతది," అని చేతులు చాపి చూపించాడు.

మళ్ళీ అడిగాను. మళ్ళీ చేతులు చాపాడు. పున్నారావు గారు నా భుజం మీద చెయ్యేసి, "ఊరుకోమ్మా, రేపు పోదాం," అన్నారు. ఆ డ్రైవరు కళ్ళు ఎర్రగా ఉన్నాయి. నిద్ర లేక అనుకున్నాను. నిద్ర లేక కాదని ఇప్పుడు అనిపిస్తోంది.

రెండు బ్యాండ్లు, రెండు పెద్ద బాకాలు. నాలుగు మీటలైతే నాన్న. మూడు పిస్టన్లయితే మావయ్య. ఇంత తేలికైన లెక్క నాకెప్పుడూ ఎవరూ ఇవ్వలేదు.

23, బుధవారం. రేపల్లె

బడి వరండాలో కూర్చుని రాస్తున్నాను.

ఇక్కడి వాసన గురించి రాయను.

సామాన్లు ఈ బడి వెనక గదిలో పెట్టారు. ముందు వైపు మమ్మల్ని కూర్చోబెట్టారు. ఎవరి వంతు వచ్చినప్పుడు వాళ్ళని లోపలికి పంపుతారు. మా ముందు ఒక ముసలాయన కూతురి ట్రంకుపెట్టె ఆనవాళ్ళు చెప్పి చెప్పి, చెప్పిందే మళ్ళీ చెబుతున్నాడు.

పొద్దెక్కాక శేషారత్నం అత్తయ్య వచ్చింది. వీరాస్వామి మావయ్య భార్య. బాపట్ల నుంచి కొంత లారీ, కొంత నడక. నన్ను చూసి, ఏదో పెళ్ళిలో కనిపించినట్టు, "నువ్వూ వచ్చావా అమ్మాయ్," అంది. నా పక్కనే కూర్చుంది. ఇద్దరికీ ఒకే కబురు వచ్చింది. ఇద్దరం ఒకే బాకా కోసం వచ్చాం. ఆ సంగతి ఇద్దరం ఎత్తలేదు.

పూడ్చిన చోటి నుంచి వచ్చినతన్ని ఆమె పిలిచి అడిగింది. "మొలతాడు ఉందా బాబూ? నల్లది, వెండి బిళ్ళ కట్టింది."

"చూసే తీరిక ఎవరికమ్మా," అన్నాడు అతను, మెల్లిగానే.

నాన్నకి మొలతాడు ఉండదు. ఆమె అడిగిన మాట మా ఇద్దరికీ పనికొచ్చేది. నేను అడగటానికి తోచలేదు.

ఆమె కొంగులోంచి అటుకులు తీసి నా చేతిలో పోసింది. తిన్నాను. ఎండ వరండా మీదికి వచ్చింది. వెనక నుంచి నీళ్ళు కొడుతున్న చప్పుడు. ఎవరో బాకా ఊదారు.

బురద పోవటానికి ఊదిన కూత అది మొదట. కుక్క దగ్గినట్టు. తరవాత స్వరం వచ్చింది. ఊదేవాడికి పని వచ్చు. (పోలీసు బ్యాండులో పనిచేసి రిలీఫు డ్యూటీకి వచ్చినతనని తరవాత తెలిసింది.) ఒక్కో మెట్టూ దిగుతూ వచ్చాడు. మధ్యలో నాకేమీ తెలియలేదు. ఇంకా దిగాడు. వరండాలో అందరూ మాటలాపేశారు. ముసలాయన కూడా.

అట్టడుగు స్వరం ఊదాడు. ఊపిరి తగలగానే పలికింది. పలికి, ఉండాల్సిన చోటికి కొంచెం పైన నిలబడింది.

"అది పిస్టన్లది," అన్నాను. పైకే అన్నాను.

శేషారత్నం అత్తయ్య నా వైపు తిరిగింది.

"పిస్టన్లదంటే ఆయనదేగా," అంది.

నేను తలూపాను. తలూపానని రాస్తున్నాను. ఆ క్షణంలో నా ఒళ్ళంతా ఏమైందో కూడా రాయాలి, ఇది ఎవరూ చదివేది కాదు కాబట్టి. సంతోషం. చల్లటి నీళ్ళు పోసుకున్నంత సంతోషం. ఆమె మోకాళ్ళ మీద చేతులు అలా పెట్టుకుని ఉంది, ఆ చేతుల నిండా గాజులు, నేను వాటినే చూస్తూ సంతోషపడ్డాను.

లోపలికి వెళ్ళి చూశాం. మూడు పిస్టన్లు. ఆమె వాటిని ఒక్కొక్కటే నొక్కి చూసింది. ఇసుకకి కరకరలాడాయి.

24, గురువారం. తెనాలి

దొరికింది మావయ్య బాకా అని అమ్మకి చెప్పాను. అమ్మ, "అయ్యో, శేషారత్నం," అని గోడకి ఆనుకుని కూలబడిపోయింది. తరవాత లేచి బియ్యం కడిగింది. కొలత పెంచింది.

నాన్న ఉండదగ్గ చోట్లు: డాబా మీద. నిజాంపట్నం వైపు ఎవరింట్లోనో. జ్వరంతో ఏదైనా శిబిరంలో, పేరు చెప్పలేని స్థితిలో. ఆస్పత్రిలో. పడవలో. నాన్నకి ఈత వచ్చు. వచ్చేమో. అమ్మని అడగాలి.

ఇప్పుడు రేపల్లె నుంచి రైలు తెనాలి దాకా వస్తోంది. సాయంత్రం స్టేషనుకి వెళ్ళి నిలబడ్డాను. పెద్ద బాకాతో దిగే మనిషి దూరం నుంచే తెలుస్తాడు.

25, శుక్రవారం

స్టేషను.

26, శనివారం

జగన్నాథరావు గారిని ఇంటికి తెచ్చారు. మా బ్యాండులో క్లారినెట్. కాలు విరిగి రేపల్లె ఆస్పత్రిలో ఉన్నారట, మేము బుధవారం అక్కడికి వీధి అవతలే కూర్చున్నాం. నాజరుపేటలో వాళ్ళింటికి వెళ్ళాను. మంచం చుట్టూ జనం. నన్ను చూసి ఆయన ఏడ్చారు. నేను ఏడవలేదు, నాకు ఏడవాల్సిన పని లేదనుకున్నాను.

"మా నాన్న ఎక్కడున్నాడు చిన్నాన్నా? మావయ్య బాకా దొరికింది. మావయ్యని పూడ్చేశారు. నాన్న ఎటు వెళ్ళాడు?"

"వీరాస్వామిని పూడ్చారా? ఎవరన్నారు?"

"బాకా ఆయనదే. నేనే పోల్చాను."

ఆయన జనాన్ని బయటికి పొమ్మన్నారు.

"బాకా ఆయనదేనమ్మా. చేతులు ఆయనవి కావు. శనివారం పొద్దున ఊరేగింపయ్యాక మార్చుకున్నారు కదా."

"ఏంటి మార్చుకోవటం?"

"మీ నాన్న చెప్పలేదా ఎప్పుడూ? జోడు బ్యాండ్ల పెళ్ళంటే రెండో రోజు పెద్ద బాకాలు మార్చుకుంటారు. వాడి బాకా మంచిది కాబట్టి గెలిచాడు అనే మాట రాకూడదని. అప్పగింతల పాట కూడా అవతలివాడి బాకా మీదే ఊది, అప్పుడు ఎవరిది వాళ్ళకిస్తారు. ఇవ్వటం కుదరకపోతే, పుచ్చుకున్నవాడు సొంతిల్లు తొక్కకుండా ముందు వాళ్ళింటికి పోయి ఇచ్చి రావాలి. మా పెద్దల నాటి నుంచీ ఉంది. ఆడవాళ్ళు బ్యాండుతో రారుగా, మీకెక్కడ తెలుస్తాయి ఇవన్నీ."

"అప్పగింతలు అయ్యాయా?"

"ఎక్కడ. గాలి పందిరెత్తుకుపోయింది. పెళ్ళికూతుర్ని గదిలో పెట్టి తలుపులేశారు. తరవాత ఇంక..."

ఆయన నన్ను ఓదార్చటానికే అనుకుంటాను, ఇది కూడా చెప్పారు.

"ఎంత మురిసిపోయాడో ఆ పొద్దున. మా అమ్మాయి చెప్పిందిరా జగన్నాథం, ఇది పిలవంగానే పలుకుద్దంట, అని. అందరూ టిఫిన్ చేస్తుంటే వీడు ఆ పిస్టన్లు నొక్కుకుంటా ఒకటే ఊదటం. గాలి మొదలయ్యాక కూడా దించలా. పరాయివాడి సొత్తు, దెబ్బ తగిలితే ఏం మొహం పెట్టుకుని ఇస్తానని చేతికి తగిలించుకుని కూర్చున్నాడు."

ఇంటికి ఎలా వచ్చానో తెలియదు. దారిలో ఎవరో పలకరిస్తే నవ్వాను కూడా.

27, ఆదివారం

అమ్మకి చెప్పలేదు.

పైకప్పు లేని చర్చిలో ప్రార్థన చేశారు. క్షేమంగా తిరిగి రావలసిన వారి కోసం అన్నప్పుడు పాస్టరు గారు నాన్న పేరు చదివారు. అమ్మ ఆమెన్ అంది. నేనూ అన్నాను.

జగన్నాథరావు గారికి జ్వరం ఉంది. జ్వరంలో మనిషి ఏదైనా చెబుతాడు.

28, సోమవారం. బాపట్ల

అమ్మతో ట్యూషను పిల్లల పుస్తకాల కోసమని చెప్పి రైలెక్కాను.

శేషారత్నం అత్తయ్య ఇంట్లో ముందు గదిలో బాకాని పీట మీద నిలబెట్టారు. దానికి చామంతి దండ వేశారు. ముందు దీపం. పూడ్చిన మనిషిని తెచ్చుకోలేక దీనికి చెయ్యాల్సినవి చేశారట. అత్తయ్య చేతులు ఖాళీగా ఉన్నాయి. మణికట్టు దగ్గర గాజు గీరుకున్న గీత ఒకటి ఇంకా మానలేదు.

చెప్పాను. ఆమె మధ్యలో అడ్డు రాలేదు.

"ఇంకోసారి చెప్పు," అంది.

చెప్పాను.

"అంటే ఇసుకలో ఉన్నది మీ నాన్న."

నా నోటితో నేను అనని మాట ఆమె అంది. నేను బాకా వైపు చూస్తూ కూర్చున్నాను.

"మరి ఈయన?"

"తెలియదు అత్తయ్యా."

"తెలియదంటే ఉన్నట్టా, లేనట్టా?"

"తెలియదు."

"ఆరోజు అంత గట్టిగా చెప్పావే. పిస్టన్లదని."

"పిస్టన్లదే అత్తయ్యా. అందులో తప్పు లేదు."

ఈ మాట నేనే అన్నాను. వీపు మీద ఎవరో చరిచినట్టయింది, అన్నాక.

ఆమె లేచి వెళ్ళి బాకా మీది దండ తీసింది. తీశాక దాన్ని ఎక్కడ పెట్టాలో తెలియలేదు. దేవుడి గూటి వైపు చూసింది, గుమ్మం వైపు చూసింది, చివరికి చేతిలోనే పట్టుకుని నా ముందు కూర్చుంది.

"ఇప్పుడు నన్నేం చెయ్యమంటావు? గాజులు తొడుక్కోనా?"

దండ ఒళ్ళో పెట్టుకుంది.

"తొడుక్కుని, రేపు ఆయన కూడా లేడంటే మళ్ళీ తీయిస్తారా నాకు? చదువుకున్నదానివి, చెప్పు."

దీపం ఆమె ఆర్పలేదు. నేనూ ఆర్పలేదు. నేను లేచినప్పుడు అడిగింది, "మీ అమ్మకి చెప్పావా?"

"లేదు."

"రైలెక్కి వచ్చి నాకు చెప్పావు. వంటింట్లో ఉన్న మనిషికి చెప్పలేదు."

కోపంగా అనలేదు. జాలిగానూ అనలేదు. ఆశ్చర్యంగా అంది.

30, బుధవారం

ఆ ఆదివారం నేను చేసింది పరీక్ష కాదు. నాన్న చేతిలో ఎప్పుడూ నాన్న బాకాయే. మావయ్య చేతిలో ఎప్పుడూ మావయ్య బాకాయే. ఒక్కసారి, ఒక్కసారైనా మార్చుకుని ఊదమనలేదు. అలా మార్చకుండా తేల్చింది ఏదీ తేలినట్టు కాదని మొదటి సంవత్సరంలోనే నేర్పుతారు. ఆలస్యం మీటలదో నాన్నదో నాకు తెలియదు. నెపం జర్మనీ ఇత్తడి మీద వేశాను. నాన్న తాళం పూర్తిగా పడేదాకా ఆగి ఊదేవాడేమో. అది ఆయన పద్ధతేమో. దాన్ని తప్పని చెప్పి పెళ్ళికి పంపాను.

అమ్మ మళ్ళీ కొలత పెంచి వండింది. నేను మారు వడ్డించుకుని తిన్నాను, మిగలకూడదని.

రేపు చెబుతాను.

1 డిసెంబరు, గురువారం

చెప్పలేదు. అమ్మ నాన్న రెండో జత బట్టలకి గంజి పెట్టి ఆరేసింది. తడి బట్టలు పట్టుకుని ఉన్న మనిషికి ఎలా చెప్పటం.

రేపు.

2 డిసెంబరు, శుక్రవారం

అమ్మ అరుగు మీద చింతపండు గింజలు తీస్తోంది. నేను గుమ్మంలో ఉన్నాను. నోరు తెరిచాను. నిజంగానే తెరిచాను, "అమ్మా" అని కూడా అన్నాను.

అమ్మ నా వైపు చూడలేదు. వీధి చివరికి చూస్తోంది.

స్టేషను వైపు నుంచి ఒక మనిషి వస్తున్నాడు. భుజాన పెద్ద బాకా. బాకా నోరు ముందుకి తిప్పి మోస్తే తలా మొహమూ కనపడవు, ఛాతీ దాకా ఇత్తడే. కింద ఎవరిదో పొట్టి లుంగీ, చెప్పుల్లేని కాళ్ళు. నోటి అంచుకి నాన్న వేయించిన సీసం అతుకు. పక్కన నాలుగు మీటలు ఎండకి మెరుస్తున్నాయి.

"ప్రేమా," అంది అమ్మ. గట్టిగా కూడా అనలేదు. "వచ్చారే మీ నాన్న."

చింతపండు పళ్ళెం అలాగే వదిలి లోపలికి పరుగెత్తింది. చెంబు చప్పుడు, కుండ మూత చప్పుడు. అమ్మ పరుగెత్తటం నేనెప్పుడూ చూడలేదు.

ఆయన మెట్ల ముందు దాకా వచ్చి ఆగాడు. అమ్మ మాట విన్నాడని తెలుస్తూనే ఉంది, మెట్టు మీద పెట్టబోయిన కాలు వెనక్కి తీసుకున్నాడు. సొంతిల్లు తొక్కకుండా ముందు ఇక్కడికి వచ్చాడు. ఇంత దూరం మోసుకొచ్చి ఇవ్వటానికి వచ్చాడు, నాన్న చేతికి. మా ఇంట్లో ఏం తెలుసో ఏం తెలియదో ఆయనకేం తెలుసు.

అమ్మ చెంబుతో నీళ్ళు తెచ్చి మెట్టు మీద పెట్టింది. ఏడుస్తూ నవ్వుతోంది. "దించండి. ఎంతసేపు మోస్తారు. కాళ్ళు చూడు ఎలా అయినయ్యో. దించండి ముందు."

ఆయన దించలేదు.

"ఏమే, చూస్తా నిలబడతావేంటి, ఒక చెయ్యెయ్యి," అంది అమ్మ నాతో.

మెట్లు దిగాను. బాకాకి అవతలి పక్క చెయ్యి వేశాను. ఇత్తడి ఎండకి కాలిపోతోంది. ఆయన ఊపిరి బాకా వెనకాల నుంచి వినపడుతోంది, ఆగి ఆగి. మొయ్యటానికి నేను కూడా ఉన్నానని ఆయనకి తెలిసేట్టు కొంచెం బరువు నా మీదికి తీసుకున్నాను.

"దించుదాం," అన్నాను. తరవాత, అమ్మకి వినపడేట్టు, "దించుదాం మావయ్యా," అన్నాను.